తయారైన చోటు

రవాణా ఆఫీసు ప్రహరీ పక్కన
ఒక మడతబల్ల, రెండు కలాలు, జిగురు సీసా.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా దుకాణం.
ఒడియాలో అడిగినవాడికి ఒడియాలో,
తెలుగులో తిట్టినవాడికి తెలుగులో జవాబిచ్చి
ఫారాలు మాత్రం ఇంగ్లీషులో నింపుతాను.
పేరు, తండ్రి పేరు, ఇంజిను నెంబరు...
చెయ్యి దానంతటదే పోతుంది.
నిన్న పదకొండో గడి దగ్గర ఆగింది.
తయారైన చోటు.

ఎదురుగా దాలినాయుడు,
పాతపట్నం రోడ్డులో వెల్డింగు షెడ్డు.
చిన్న కారొకటి సొంతంగా కట్టాడు, బ్యాటరీది.
నలుగురు కూర్చోవచ్చు, ఐదోవాడు మొహమాటపడాలి.
నెంబరు లేకుండానే రెండు నెలలుగా తిరుగుతోంది.

"మనూరని రాసీ బావూ."
"అన్నీ మనూరివేనా?"
"మరేటి!" అని, కాసేపాగి,
వేళ్లు మడవడం మొదలెట్టాడు.

చట్రం ఆసుపత్రి వేలంలో కొన్న మంచాలది.
గొట్టం మీద పదిహేడో నెంబరు ఇంకా చెరిగిపోలేదు.
టాపు రేకు రాయగడ నుంచి.
తలుపు పిడి గేదె కొమ్ము,
మహారణా ముసలాయన నూరి నూరి
చేపను చేసి ఇచ్చాడు, కంటితో సహా.
మోటారూ, దాని నల్లపెట్టే మాత్రం
చైనా నుంచి విశాఖ రేవుకి, రేవు నుంచి లారీలో.
"హారను కూడా" అన్నాడు సిగ్గుపడి.
కొమ్ము మనది, కూత వాళ్లది.
పార్సిలు చెక్కల్నే సీటు కింద పరిచాడు.
వాటి మీద అక్షరాలు చూశాను:
ఒక్కో అక్షరం ఒక్కో ఇల్లు,
కిటికీలు, చూరు,
కొన్నిటికి డాబా మీద బట్టలు ఆరేసినట్టు.

పాణిగ్రాహి డాక్టరుగారిది ఇంకోటుంది,
మొత్తానికి మొత్తం ఓడ దిగిందే.
గుడ్డు పెంకులా నున్నన.
బెల్టు పెట్టుకోమని ఆడగొంతుతో ఏదో భాషలో అంటే
డాక్టరుగారు ఒడియాలో "సరే తల్లీ" అంటారు.
దాన్ని చూసిన కళ్లతో దీన్ని చూసి
జనం దీనికి మంచం బండి అని పేరు పెట్టారు.

ఆషాఢం వానలో, మహేంద్రతనయ వంతెన మీద
గుడ్డు ఆగిపోయింది.
తెర నిండా అవే ఇళ్లు, ఎర్రగా, తగలబడుతున్నట్టు.
కటకం నుంచి మనిషి రావడానికి తొమ్మిది రోజులన్నారు.
రథానికి కట్టినంత తాడేసి
మంచమే దాన్ని షెడ్డుకి లాక్కొచ్చింది.
గొడుగు పట్టడానికి నేనున్నాను.

రెండిటి పొట్టలూ విప్పితే
రెండిట్లోనూ అదే పెట్టె,
అవే మరలు, అదే ఇంటిగుర్తు,
నెంబర్లు కవలల పురిటి గడియల్లా పక్కపక్కనే.
"కంసాలి ఒకడే" నవ్వాడు దాలినాయుడు,
"బంగారమూ వాడే సేసాడు, గిల్టూ వాడే."

డాక్టరుగారి పెట్టెలో తీగ మీద టేపు ఊడదీస్తుంటే
జిగురుకి అంటుకుని ఒక వెంట్రుక.
పొడుగాటిది.
నవ్వు ఆపి, వెలుతురుకి పట్టి చూశాడు.
వాళ్లావిడ పోలమ్మ జీడి కార్ఖానాలో పప్పు ఒలుస్తుంది.
తలగుడ్డ జారి
గంపలో ఒక్క వెంట్రుక కనిపించినా
ఆ పూట కూలి కోత.
"దీనికెంత కోసీసారో పాపం" అన్నాడు.
కాలిన తీగ మార్చి, టేపు మళ్లీ చుట్టాడు,
వెంట్రుకని లోపలే ఉంచి.
డాక్టరుగారికి ఈ సంగతి చెప్పలేదు.

పదకొండో గడి అలాగే ఉంది.
చైనా అంటే ఇంకో ఫారం, ఇంకో రుసుం.
చక్రాలు పాతపట్నంలో కొన్నానని నోరు జారితే
గేటు అవతల పక్క రాష్ట్రం,
సైకిలు మీద పోయొచ్చే దూరం, అయినా పరాయి సరుకే.
పోనీ మనూరే రాద్దామంటే
మనం పర్లాకిమిడి అంటాం.
ఈ గోడ మీద బోర్డు పారళాఖెముండి అంటుంది.
రబ్బరు స్టాంపులో స్పెల్లింగు రెండిటికీ చెందదు.
మా అమ్మ వట్టి కిమిడి అనేది,
అక్కడితో ఊరు అయిపోయినట్టు.

కిటికీ మూసే వేళ.
బయట బళ్లో ఎవరి పిల్లలో ఎక్కి
కొమ్ము చేపని నిమురుతూ హారను నొక్కుతున్నారు.
కలం మూత పెట్టి
పెన్సిలుతో రాశాను: కిమిడి.
సిరా సంగతి గుమాస్తా చూసుకుంటాడు.