కాపీ ఉంచుకోకూడనివి

వరద తీసిన నాలుగో నాడు
అంగడి షట్టర్ ఎత్తితే
మిషను నోట్లో నుంచి చేపపిల్ల జారె.

హంద్రీ, తుంగభద్ర రెండూ ఒకేసారి పాతూర్లోకి వచ్చి
ఎవురు ఎవురో చెప్పే కాగితాలన్నీ తడిపిపోయినాయి.
రేషను కార్డులు, పట్టాలు, టెన్తు మార్కుల లిస్టులు
మిద్దెల మీద రాళ్ళు పెట్టి ఆరబెట్టుకుంటిమి
అప్పడాల మాదిరి.
ముద్ర కరిగిన కాగితం పట్టుకొని
"ఇది నేనేనప్పా" అని
ముసిలాయన ఒకడు నా గల్లాపెట్టె ముందర ఏడ్చినాడు.
ఆ పొద్దు నేర్చుకున్నా,
దేనికైనా రెండు కాపీలు ఉండాలని.

ఇప్పుడు ఈ డాక్టరమ్మ, మెహజబీన్.
బెలారస్‌లో, గ్రోద్నో అనే ఊర్లో ఆరేండ్లు చదివొచ్చింది.
రాత్రి తొమ్మిదిన్నరకు, షట్టర్ సగం దించినాక వస్తాది.
ఆడ అప్పుడు ఏడంట.
ఫోన్లో ఫోటోలు చూపిస్తాది,
మడతలు పడినవి, వంకరగా తీసినవి,
బొటనవేలి నీడ సగం మింగినవి.
పిలగాని ఉబ్బసం చీటీ. కోర్టు నోటీసు.
"చదివేట్లు చెయ్యన్నా,
పోలండులో ఆఫీసరు చూడాల."

ఆ అక్షరాలు నాకు రావు.
ఒకటేమో ఇంగ్లీషు ఆర్ అద్దంలో మొగం చూసుకున్నట్టుంటాది.
నీడ తీసేది తెలుసు,
వంకర సరిచేసేది తెలుసు.
లేని గీత గీయను.
ఉన్నదాన్ని తేలుస్తా, అంతే.

"ఏం చేసిందమ్మా ఈమె?"
"బడిలో పాటలు చెప్పే టీచరన్నా.
కిటికీలో దుప్పటి ఆరేసింది.
తెల్లచార, నడుమ ఎర్రచార, మళ్ళా తెల్లచార."
"అంతేనా?"
"అంతే."
ఇంటికి పోయినాక
మా మిద్దె మీద ఆరే గుడ్డల రంగులు ఒకసారి ఎంచుకున్నా.

ఇంకా ఎవరెవరో ఉండారు, నేను చూసింది లేదు.
బియాలిస్తోక్‌లో ఒక గది ఖాళీ చేసిపెట్టినాయన,
విల్నియస్ బస్టాండులో సూపు డబ్బాతో నిలబడే ముసిలామె,
టికెట్లకు దుడ్లు పంపి పేరు చెప్పని ఎవురో.
ఒకరి మొగం ఒకరికి తెలీదు.
ఆ గొలుసులో నేనొక కొక్కెం,
ఏ-ఫోర్ సైజు.

పని అయినాక డాక్టరమ్మది ఒకటే మాట:
"చెరిపేయన్నా. చెత్తబుట్టలో నుంచి కూడా."
ఊరందరి కాగితాలు దాచేవాన్ని,
నా వేలు ఆ బటన్ మీద మొరాయిస్తాది
బురదలో ఎద్దు మాదిరి.
మమ్మల్ని ముంచింది కాగితం లేకపోవడం.
వాళ్ళను ముంచేది
ఎవరి దగ్గరో ఒకటి మిగిలిపోవడమంట.

దాటినాక పేరు రాయకూడదు, ఏదో ఒక మాట పెట్టుకోవాల.
"ఏం మాట పెడదామన్నా?"
మే నెల. నలభై నాలుగు డిగ్రీలు. మిషను ఆన్ చేస్తే ఇంకో రెండు.
వాన, అంటి, ఆలోచించకుండానే.
అని నాలుక కరుచుకుంటి.
ఈ ఊర్లో ఆ మాటకు రెండు మొగాలు.

పదకొండు దినాలకు, ఉగ్గాని పొట్లం విప్పుతాంటే ఫోను:
"వాన పడుతోందన్నా. టీచరుకు, పిలగానికి."
బయటికొచ్చి చూస్తి.
మబ్బు తునక లేదు.
పక్కంగడి టైలరు సుంకన్న
"ఏంది మద్దిలేటీ, పైన ఏముంది?" అనె.
ఏమీ లేదంటి.
నా బజ్జీలు రెండూ వానికే ఇస్తి.

ఇంకొకాయన ఉండాడు. మూడో ఫైలు.
బస్సు డ్రైవరంట.
లైసెన్సు మీద ముద్ర అంచున రొంత తెగి ఉన్నింది,
ఎలుక కొరికిన రొట్టె మాదిరి.
ఫైలు చెరిపేసినా.
ముద్ర కండ్లల్లో నుంచి పోలా.

జూలై వచ్చె. హంద్రీలో మడమ తడిసేంత నీళ్ళు.
నిజం వాన రెండుసార్లు కురిసిపోయె.
డాక్టరమ్మ వస్తాది, ఫోను చూస్తాది, తల అడ్డంగా ఊపుతాది.
ఆమె పోయినాక
ఖాళీ గాజు మీద మూత మూసి బటన్ నొక్కుతా.
వెలుగు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి పోతాది.
తెల్లకాగితం బయటికొస్తాది,
వెచ్చగా.