బొటనవేలు

ఎనిమిదేళ్ళప్పుడు నన్ను రెండుసార్లు ముంచారు.
మొదటిసారి కాలి బొటనవేలు నీటిపైకి తేలిందట.
సాక్షిగా నిలబడ్డ ఆర్విల్ మామయ్య
తల అడ్డంగా ఊపాడు.
వేలు బయటుంటే మనిషి బయటున్నట్టే.
తెల్లబట్టలు ఒంటికి అతుక్కుపోయి
ముక్కు నిండా క్లోరిన్‌తో
మళ్ళీ మునిగాను.

అరవై మూడో ఏట, ఐడహోలో, మా ప్రెస్టన్ ఊళ్ళో
క్రెడిట్ యూనియన్ బల్ల దగ్గర
ఒక్క సంతకం చాలన్నారు.
నోటరీ పిల్ల బ్రిన్లీ ఒకప్పుడు నా ఆదివారం బడిలో
ఆకాశానికి ఎప్పుడూ ఊదారంగే వేసేది.
ఉత్తరం చదవక్కర్లేదు తను. చదివింది.
"ఎవరి బలవంతమూ లేదు కదా, సిస్టర్ ఆర్డిత్?"
సిస్టర్ అన్నాక నాలుక కరుచుకుంది.
ముద్ర ఎంత గట్టిగా కొట్టిందంటే
డబ్బాలో పెన్నులు ఎగిరిపడ్డాయి.

నా పేరు మీ పుస్తకంలోంచి తీసేయండి.
మా ఇంటికి ఎవర్నీ పంపకండి.
ఈ రెండు ముక్కలకి పదకొండేళ్ళు పట్టింది.
కోపంతో రాసినవి చించేశాను,
ఏడుస్తూ రాసినవీ చించేశాను.
ఇది ఒక మంగళవారం
డ్రయ్యర్‌లో దుప్పట్లు ఆరేలోపు రాశాను.

పాత చరిత్రలు తవ్వి కాదు,
కాఫీ మీద మోజుతో అసలే కాదు.
మా జెనీల్ పెళ్ళి రోజున
నా చెల్లెలు వెల్డాకి గుడి లోపలికి అనుమతి చీటీ లేదు.
పెళ్ళికూతురి గౌను కుట్టిన మనిషి
కార్లో హీటర్ వేసుకుని కూర్చుంది,
వేళ్ళకింకా సూది గాట్లు.
లోపల నేను నవ్వుతూ నిలబడ్డాను.
ఆ నవ్వుకి ఈ ఉత్తరం.

సాల్ట్ లేక్ నుంచి జవాబు పలచటి కవరులో వచ్చింది.
మీ కోరిక ప్రకారం, అని మొదలు.
పేరుతో పాటు అన్నీ రద్దు:
బాప్తిస్మం, దీవెనలు,
కాలం ముగిశాక కూడా తేన్‌కి నేను భార్యనన్న మాట.
ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.
శ్మశానంలో మా ఇద్దరికీ ఒకటే రాయి.
మధ్యలో గుడి బొమ్మ, అటు తను, ఇటు నేను,
నా పుట్టిన తేదీ, ఒక గీత, తర్వాత ఖాళీ.
రాయి చెక్కినవాడికి
ఎవరూ ఉత్తరం రాసినట్టు లేదు.
మంచు దులిపి వచ్చాను.

శనివారం బిషప్ లమార్ తలుపు తట్టాడు.
ఎవర్నీ పంపొద్దన్నాను కదా, అనబోయాను.
చేతిలో రెంచీ ఉంది.
"బిషప్‌ని కాదమ్మా ఇవాళ, ప్లంబర్‌ని.
మీ తొట్టి కొళాయి ఇంకా కారుతోందా?"
గంటసేపు మోకాళ్ళ మీద కూర్చుని బాగుచేశాడు.
దేవుడి మాట ఎత్తలేదు. డబ్బూ తీసుకోలేదు.
వెళ్తూ గుమ్మంలో ఏదో అనబోయి
బూట్ల మంచు దులుపుకున్నాడు.

ఆ రాత్రి తొట్టి నిండా వేడినీళ్ళు.
మెడదాకా మునిగాను.
అటు చివర, ఆవిరిలో
ముడతలు పడ్డ బొటనవేలు పైకి తేలింది.
చాలాసేపు చూశాను దాన్ని.
ఎవరూ తల అడ్డంగా ఊపలేదు.