పద్నాలుగు అడుగులు లోపలికి

ఏప్రిల్ పొగమంచులో
ఏడుగురం, రెండు రంపాలు, ఒక గునపం,
డల్సీ ఫ్లాస్కులో టీ.
న్యూఫౌండ్లాండ్ తూర్పు అంచున
సముద్రం కనబడదు, వినబడుతుంది,
కింద ఎవరో బరువైన బీరువాలను
ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరుపుతున్నట్టు.

బాట మొత్తం ఎంత పొడవో
నడిచి వెళ్లేవాళ్లకు తెలుసు.
మాకు మా ఆరు కిలోమీటర్లే తెలుసు:
ఎక్కడ బురద చెప్పు లాక్కుంటుందో,
చిత్తడి మీద పరిచిన ఏ పలక ఈ ఏడు పుచ్చుతుందో,
ఏ ఫర్ చెట్టు గాలికి వంగి వంగి
నడుమెత్తు ఎదగడానికి
నా అంత వయసు తీసుకుందో.

"దారిని పాడుచేసేది కాళ్లు కాదమ్మాయ్, నీళ్లు,"
అన్నాడు అల్ఫాన్సస్, నేను పార పట్టిన మొదటిరోజు.
"ఇంకో దారి చూపించు, పోతాయి.
వాటికి మన మీద పగేం లేదు."
వారమంతా తపాలా ఆఫీసులో
ఎవరి ఉత్తరం వాళ్ల అరలోకి తోసే నాకు
అది వెంటనే అర్థమైంది.
దారికి అడ్డంగా ఏటవాలు కాలువ తవ్వడం మాత్రం
రెండేళ్లకు గానీ రాలేదు.

కాడ్ చేపలు కరువై
పడవలు ఒడ్డెక్కిన ఏడాది
వల వదిలి రంపం పట్టాడట.
వాళ్లమ్మ మంత్రసాని.
ఈ గట్టు మీదే, లాంతరు పట్టుకుని,
ఒక రేవు నుంచి ఇంకో రేవుకు
నొప్పులు మొదలైన ఇంటికి నడిచేది.
ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ లేవు.
మధ్య దారి ఉంది.

ఉండేది.
డిసెంబరు తుఫాను
గట్టును ఒక్క గుక్కలో మింగింది.
మేం వెళ్లేసరికి బాట
మామూలుగానే వచ్చి, మామూలుగానే మలుపు తిరిగి,
గాలిలోకి వెళ్లిపోతోంది.
పద్నాలుగు అడుగులు లోపలికి
నారింజరంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

అల్ఫాన్సస్ కప్పులో టీ
తాగకుండా గడ్డిలో పారబోశాడు.
రాళ్లు పేర్చి నిలబెట్టొచ్చన్నాడు.
కంచె వేద్దామన్నాడు.
"గాల్లో పలకలు వెయ్యలేం కదా, ఫోన్సీ,"
అంది డల్సీ, కొంచెం నవ్వుతూనే.
అతను నవ్వలేదు.
కొత్త బాట కొట్టే రెండు వారాలూ
రాలేదు కూడా.

మూడో శనివారం వచ్చాడు.
"మూసే పని నాది," అన్నాడు.

తెరిచి ఉంచడానికి పద్ధతి ఉన్నట్టే
మూయడానికీ ఒకటుంది.
ముందు తొక్కి తొక్కి రాయైన నేలను
గునపంతో పెళ్లగించాలి, ఊపిరాడేలా.
ఎండుకొమ్మలు పడెయ్యాలి, వరసగా కాదు,
గాలి పడేసినట్టు.
చిత్తడిలోంచి నాచు ముద్దలు తెచ్చి
అరచేత్తో అదమాలి,
పిల్లాడి నుదుట తడిగుడ్డ వేసినట్టు.
"మనిషి చెయ్యి పడినట్టు కనబడితే
మనిషి వస్తాడు," అన్నాడు.
నేను సర్దిన కొమ్మల్ని
మూడుసార్లు చెరిపి మళ్లీ వేశాడు.

చివరికి పాత గుర్తుపలక.
మర తుప్పుపట్టి తిరగలేదు.
ఉప్పుగాలిని తిట్టాడు, డల్సీ స్క్రూడ్రైవర్ని తిట్టాడు,
ఊడదీసి నా చేతిలో పెట్టాడు.
కొత్త మలుపు దగ్గర
ఎంత ఎత్తులో బిగించనని అడిగాను.
"కళ్ల ఎత్తులో."
"ఎవరి కళ్లు?"
"పొగమంచులో తలొంచుకుని నడిచేవాడివి."

జులైలో ఇద్దరు వచ్చారు,
వీపున పెద్ద సంచులు, మోకాళ్లదాకా బురద.
పాత మలుపు వైపు కన్నెత్తయినా చూడకుండా
రిబ్బన్లు ఊడదీసిన కొత్త దారిలో
తమ వెంటే పుట్టిన దారిలో నడిచినట్టు
నడిచారు.
రేవు ఇంకెంత దూరమని అడిగారు.
గంట అన్నాడు అల్ఫాన్సస్.
ఇక్కడ బురద తక్కువే అని
ఒకడు ఇంకొకడితో అంటుండగా
పొగమంచు వాళ్లను తీసేసుకుంది.

"బాగా దాచాం," అన్నాడు నాతో.
ఏదో అనాలనిపించింది, అనలేదు.
అతను మోకాలు పట్టుకుని వంగి
కాలువలో అడ్డంపడ్డ పుల్లను
చేతికర్రతో నెట్టాడు.
ఆగిన నీళ్లు
కొంచెం ఆలోచించి
కదిలాయి.