ఒకటా, రెండా

ఫిబ్రవరి చివరి ఆదివారం.
బిష్కెక్ ఇంకా బొగ్గుపొగ కప్పుకొని పడుకునే ఉంది.
తోక్తోసున్ పాత వ్యాను తలుపు
మూడోసారి లాగితే గాని పడదు.
నలుగురం ఎక్కాం. ఒక టెలిస్కోపు,
రెండు ఫ్లాస్కుల టీ,
సైరాగుల్ వేయించి తెచ్చిన బోర్సోక్ మూట,
ఇంకా లెక్కల పుస్తకం.
నిరుటి పేజీలో ఆ పిట్ట పేరుకు ఎదురుగా
నాలుగు అని ఉంది. నా చేతిరాతే.

పొగ దాటి పైకి వచ్చేసరికి
కొండలు ఒక్కసారిగా,
ఉతికి ఆరేసి ఎవరో మరిచిపోయినట్టు.
ఎవరమూ ఏమీ అనలేదు.
అసన్‌కాన్ మాత్రం కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఏరు సగమే పారుతోంది.
మిగతా సగం మంచు కింద గొణుక్కుంటోంది,
నిద్రలో అప్పులవాళ్లకు జవాబు చెప్పే మనిషిలా.
రాళ్లు. బూడిదరంగు రాళ్లు.
మేం వెతికేదీ బూడిదరంగుదే.
పొద్దుటి నుంచి రాళ్లనే చూశాం,
ఒక్కొక్కదాన్నీ, పెళ్లిచూపులంత శ్రద్ధగా.
ఒకటి కదిలిందన్నాడు అసన్‌కాన్.
కదల్లేదు. అతని కంట్లో నీరు కదిలింది.

వేరేవి కనపడ్డాయి, కనపడలేదని కాదు.
ఎర్రకాళ్ల కాకుల గుంపొకటి గాలిని ఆటపట్టించింది.
పొట్టిపిట్ట ఒకటి గడ్డకట్టే నీళ్లలో బుడుంగున మునిగి
ఏదో మరిచిపోయిన వస్తువు తెచ్చుకుంటున్నట్టు
మళ్లీ మళ్లీ పైకొచ్చింది.
చాలా ఎత్తున రాబందు ఒకటి
రెక్క విదపకుండా లోయ మొత్తాన్ని కొలిచిపోయింది.
అన్నీ రాశాను. వేళ్లు వంగక
అక్షరాలు నా ఒకటో తరగతి పిల్లలవిలా వచ్చాయి.

మధ్యాహ్నం ఒక బండ చాటున టీ తాగాం.
బేగిమాయ్ చేతిలో కప్పు మీద
ఆవిరి కూడా ఎక్కువసేపు నిలబడలేదు.
ఇక రావేమో, అంది.
కింద కంకర తవ్వుతున్నారు కదా, అంది.
సైరాగుల్ బోర్సోక్‌ను రెండుగా విరిచి
పెద్ద ముక్క ఆమెకిచ్చింది.

అప్పుడు తోక్తోసున్,
పిట్టలంటే పడనివాడు,
పొద్దున్నుంచి బండిలో గురక పెట్టినవాడు,
ఒంటేలుకు వెళ్లి సగంలో తిరిగొచ్చాడు.
గుసగుసగా అడిగాడు:
మీరు వెతికే దానికి ముక్కు వంకరగా ఉంటుందా?

ఎనిమిది అడుగుల దూరం.
మేం తాగిన టీ, ఆడిన మాటలు, బేగిమాయ్ దిగులు,
అన్నీ విని ఉంటుంది.
వీపు రాయి, కడుపు మంచు,
మెడ కింద ఒక నల్ల పట్టీ.
తల తిప్పితే తప్ప లేదు.
తిప్పింది.
ఎర్రటి కొడవలి ముక్కు
ఒక గులకరాయి అంచు కిందికి,
పాత బీరువా తాళంలోకి తాళంచెవిలా,
మెల్లగా దూరింది.

గంట తరువాత వంతెన దిగువన మరొకటి.
తగువు అక్కడ మొదలైంది.
ఇదే అక్కడికి ఎగిరిందన్నాడు అసన్‌కాన్.
మన నెత్తిమీద నుంచి పోతే చూడమా, అంది బేగిమాయ్.
ఎనిమిది అడుగుల్లో ఉంటే చూశామా, అన్నాడు.

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినదాన్ని.
కలంతో ఒకటి వేశాను.
పక్కన పెన్సిలుతో ఇంకొకటి.
చూస్తే పదకొండులా ఉంది.
పెన్సిలుది చెరిపాను.
మళ్లీ వేశాను, ఈసారి కాస్త దూరంగా.

తిరుగు దారిలో అందరూ నిద్ర.
పెట్రోలు బంకు దగ్గర మెలకువ వచ్చి చూశాను:
పైపు పట్టుకున్న కుర్రాడికి
తోక్తోసున్ ఏదో చెబుతున్నాడు.
చేతితొడుగు తీసి,
చూపుడువేలు వంచి ముక్కుమీద ఆనించి,
తల ఇటూ అటూ తిప్పుతూ.
చలికి ఆ వేలు
సరిగ్గా అదే ఎరుపు.