ఉప్పు తిన్న గోడ

తాళంచెవి జానెడుంటుంది. తలుపు తీస్తే
ముందు వచ్చేది చలి, ఆ తర్వాతే చీకటి.
మొరావియాలో మా ఊరు చూడవచ్చినవాళ్లు
గడప దగ్గరే ఆగి అడుగుతారు:
"ఇది ఇప్పుడు చర్చేనా?"

ఏమని చెప్పను?
పైనుంచి వచ్చిన ఒక్క సంతకానికి
పద్దెనిమిది మంది సన్యాసులు
మంచు పడే పూట బయటికి నడిచారు.
గంటను కరిగించారు. బలిపీఠాన్ని
వేలంలో ఓ సారా వ్యాపారి పాడుకున్నాడు.
తర్వాత అరవై ఏళ్లు ఉప్పు గిడ్డంగి.
కిటికీల ఎత్తుకి గోనెలు,
రాతి సన్యాసి పాదాల మీద బొగ్గుతో తూకం లెక్కలు.

ఆపైన గుర్రాలు.
రౌతులు నిద్రపోతే అవి మెడ చాచి
స్తంభాలు నాకేవట.
నడుమెత్తున రాయి గుంటపడి
చెంచా కడుపులా నునుపు.

మా నాన్న రోజుల్లో ట్రాక్టర్ విడిభాగాలు.
నా బడి రోజుల్లో వ్యాయామశాల.
కప్పు నుంచి వేలాడే తాడు ఎగబాకి
దేవదూత మడమ తాకినందుకు
హవ్రానెక్ మాస్టారు నా చెవి మెలేశాడు.
నా భక్తి అంతా అంతే.

మూడేళ్ల కిందట ఒతీలియె వచ్చింది, గోడల వైద్యురాలు.
తడి కాగితపు గుజ్జు పట్టీలు వేస్తుంది,
ఆరాక ఊడదీసి, వేలితో రుచి చూస్తుంది.
"ఇంకా ఉంది" అంటుంది.
వేసిన సున్నం వేసినట్టే రాలుతుంది.
ఉప్పు తిన్న గోడ మరి,
విశ్వాసం ఎక్కడికి పోతుంది?

నిన్న ఆమె భోజనానికి వెళ్లినప్పుడు
గుర్రాలు నాకిన చోట
వంగి నేనూ నాలుక ఆనించాను.
ఎవరూ లేరు.
పైన ఆ మడమ ఉంది, అంతే.