నాలుగు మిల్లీమీటర్లు

ఈస్టరు వెళ్ళిన వారం మా షెడ్డుకు ఊపిరాడదు.
ఐఫెల్ కొండల్లో ఉన్న కార్లన్నీ
చలికాలపు టైర్లు విప్పించుకోడానికి వరస కడతాయి.
ఆ సందట్లోనే వచ్చాడు లూడ్గర్ క్రింగ్స్,
పలకరాతి గనిలో ముప్పైయేళ్ళు లెక్కలు రాసిన మనిషి,
పసుపుపచ్చ రెండు సీట్ల కారులో,
కొత్త చొక్కా తొడిగిన పిల్లాడి మొహంతో.

"వెనక చక్రాలు తొమ్మిదంగుళాల వెడల్పు కావాలి, వీబ్కె.
ఆఫ్‌సెట్ నలభై.
మడ్‌గార్డు అంచుదాకా నిండుగా రావాలి."

నిండుగా.
అందరూ అడిగేది ఆ మాటే.

సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాను.
చక్రం నడుమ కంటికి కనబడని గీత ఒకటి ఉంటుంది.
హబ్బుకు ఆనే ముఖం ఆ గీతకు ఎంత ఎడంగా ఉందో
అదే ఆఫ్‌సెట్, అంతకు మించిన మర్మం లేదు.
అంకె తగ్గితే చక్రం వీధరుగు మీదికొచ్చి కూర్చుంటుంది,
పెరిగితే వంటింట్లోకి తప్పుకుంటుంది.
ఇప్పుడున్నది ఎనిమిది, యాభై.
అంగుళం పెరిగితే అటు పన్నెండు చిల్లర, ఇటు పన్నెండు చిల్లర.
ఆఫ్‌సెట్ పది తగ్గితే ఆ పదీ బయటికే.
మొత్తం ఇరవైమూడుకు వెంట్రుకవాసి తక్కువ.
పిండి కొద్దీ రొట్టె.
పిండి ఎంతుందో చూడాలి ముందు.

గాలపు దారానికి నట్టు కట్టి
మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీశాను.
ఎడమవైపు చోటు ఇరవైయారు.
కుడివైపు ఇరవైరెండు.

దారం ఊగిందేమో.
షెడ్డు తలుపు మూసి, మళ్ళీ. ఇరవైరెండు.
కారును ముందుకు తోసి, వెనక్కి తెచ్చి, మళ్ళీ.
మూడోసారి అంకె చూడకముందే
నా చేతులకు గుర్తొచ్చింది.

పద్నాలుగేళ్ళ కిందట, నవంబరు, రాత్రి పదిన్నర.
ఇదే కారు, ఇదే లిఫ్టు.
క్రింగ్స్ కూతురు ఫ్రెడెరికె, పంతొమ్మిదేళ్ళది,
తడి జుట్టు, గుప్పిట్లో గోడ రాతి పెచ్చు,
అది ఎందుకు తెచ్చిందో తనకే తెలీదు.
మా మేస్త్రీ నోట్లో సిగరెట్టు తీయకుండా రేకు లాగాడు.
నేను పనిలో చేరి ఆర్నెల్లు, టార్చి పట్టుకున్నాను.
తెల్లారేసరికి రంగు ఆరింది.
"నాన్నకు చెప్పకండి" అంది.
చెప్పలేదు. మేస్త్రీ చెప్పకుండానే పోయాడు.
మేం లాగలేకపోయిన నాలుగు మిల్లీమీటర్లు
పసుపు రంగు కింద ఉండిపోయాయి.

"ఫ్యాక్టరీ తేడా అయ్యుంటుంది" అన్నాను.
పాత కార్లలో మామూలే అన్నాను.
అవసరానికి రెండు మాటలు ఎక్కువే అన్నాను.

క్రింగ్స్ మోకాళ్ళ మీద వంగి దారాన్ని చూశాడు.
కుడి మడ్‌గార్డు లోపలి అంచుకు వేలు పోనిచ్చాడు,
తడుముకోకుండా, తిన్నగా,
చీకట్లో సొంత ఇంటి స్విచ్చు దగ్గరికి వెళ్ళినట్టు.

"ఫ్యాక్టరీ వాళ్ళు నాలుగు వదలరు."

కాసేపు కప్పు మీద వాన.

"ఎడమ చూసి కొంటే కుడి తగులుతుంది కదూ?"
"తగులుతుంది. ప్రతి గుంతలోనూ.
నలభైఐదు తీసుకుని, ఎడమకు మాత్రం
నాలుగు మిల్లీల స్పేసరు వేస్తే
రెండూ ఒక్కలా కనబడతాయి."
"స్పేసరొద్దు. కుడికి ఎంత పడితే
ఎడమకూ అంతే."
"ఎడమవైపు ఖాళీ కనబడుతుంది."
"కనబడనీ."

లోపల స్ట్రట్టుకు మట్టిముద్ద అంటించి చక్రం తిప్పి చూశాను.
నలిగి మిగిలిన మందం పదకొండు,
ఎనిమిది పోతే మూడు. చాలు.
ఆర్డరు కాగితం మీద రాశాను:
తొమ్మిది, నలభైఐదు, రెండు చక్రాలు.
రాసేటప్పుడు చెయ్యి ఎందుకో వణికింది,
ఐదు ఆరులా పడితే కొట్టేసి మళ్ళీ రాశాను.

వెళ్తూ వెళ్తూ అద్దం దించాడు.
"జూన్‌లో ఫ్రెడెరికె వస్తోంది. కారు అడిగింది.
తాళాలిస్తాను.
వంతెన మలుపు మాత్రం
ఇంకా ఇరుకుగానే ఉందని చెప్పాలి."

నేనతనితో వంతెన మాట ఎత్తలేదు.
ఎవరూ ఎత్తలేదు.

దారం చివర నట్టు కాసేపు ఊగి ఆగింది.
చుట్టి జేబులో వేసుకుని
తర్వాతి కారు లోపలికి తెమ్మని కేకేశాను.