ఆరో మాట

లాలాగూడ చర్చిలో పన్నెండింటి నుంచి మూడింటి దాకా
ఫ్యాన్లు తిరుగుతాయి గానీ గాలి రాదు.
శుభ శుక్రవారం.
తెల్లచీరల వెనక ఆఖరి బెంచీలో కూర్చుంటాను,
స్తంభం చాటున, పాస్టరు కళ్లు పడని చోట.

"మనకు బదులుగా" అంటున్నాడు కొత్త పాస్టరు.
కుర్రవాడు, గొంతు బాగుంది.
బదులు అనే మాట అతను చదువుకున్నాడు.
నేను చూశాను,
వర్క్‌షాపు రిజిస్టరులో, నీలిసిరాలో,
ఆగి ఆగి రాసిన అక్షరాల్లో:
జె. జకరయ్య, మేస్త్రి. తప్పు నాదే.

తప్పు నాది.
రాత్రి షిఫ్టు. కల్లు కాంపౌండు నుంచి తిన్నగా వచ్చాను.
చక్రం కింద పెట్టాల్సిన చెక్కదిమ్మ
పెట్టాననుకున్నాను.
వ్యాగను ఆరడుగులు కదిలింది, అంతే,
తొందరేమీ లేకుండా, మేతకు లేచిన ఎద్దులాగా.
అటువైపు మునీర్ ఉన్నాడు, ఖలాసీ.
కుడిచెయ్యి.

ఎంక్వయిరీలో నా పేరు పిలిచేలోపే జకరయ్య లేచాడు.
"చూడాల్సింది నేను. చూడలేదు. కుర్రాడికి ఏం తెలుసు?"
కుర్రాడికి అన్నీ తెలుసు.
కుర్రాడు చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.
ఆయనకు మేస్త్రిగిరీ పోయింది, మూడు ఇంక్రిమెంట్లు పోయాయి,
సలోమక్క చెవులకు వేపపుల్లలు వచ్చాయి.
నాకు ఆ నెల జీతం పూర్తిగా వచ్చింది.
లెక్కపెట్టుకున్నాను కూడా.

ఎందుకు చేశావని ఒక్కసారే అడిగాను,
ఆలుగడ్డబావి ఎత్తు మీద
ఇద్దరం సైకిళ్లు తోసుకుంటూ పోతుంటే.
"నీ ఇంట్లో నెలలు నిండినయ్ గదా" అన్నాడు.
ఇంకేం చెప్పలేదు. ఎత్తు ఎక్కుతున్నాం, ఆయాసం.
పుట్టిన పిల్లకు కృప అని పేరు పెట్టింది మా ఆవిడ,
సంగతి ఏమీ తెలియకుండానే.

ఆ పిల్లకు ముప్పై ఒకటి దాటాయి.
జకరయ్య పెట్టె మోసినవాళ్లలో నేనొకణ్ణి.
అప్పు తీరిపోయిందని ఏటేటా ఇక్కడే వింటాను.
తీరింది. కట్టినవాణ్ణి కళ్లారా చూశాను గనక
కాదనడానికి నోరు రాదు.
కానీ మునీర్ చేతికి
ఎవరూ ఏమీ కట్టలేదు.

ఐదో మాట. దాహం గురించి చెబుతున్నారు.
లేచాను. బెంచీ కిర్రుమంది,
నాలుగు తలలు తిరిగాయి.
చెప్పులు వెతుక్కుని ఎండలో పడ్డాను,
రైలు వంతెన కింద నుంచి చిలకలగూడ.

పావురాల దాణా కొట్టు. మూడడుగుల వెడల్పు.
జుమ్మా నమాజు చేసి వచ్చినట్టున్నాడు, టోపీ తియ్యలేదు.
"మునీర్ భాయ్, ఆ రాత్రి దిమ్మ..."
"తెలుసు."
"ఎప్పట్నుంచి?"
"అప్పట్నుంచే. నువ్వే గద ఉరికొచ్చి ఎత్తుకున్నవ్.
కల్లు వాసన. జకరయ్య జన్మల తాగలే."
"మరి చెప్పలేదేం?"
"ఆయన సంతకం పెట్టేసిండు.
పెద్దమనిషి పెట్టినదాన్ని నేనెట్ల కొట్టేస్త?"

క్షమించానని అనలేదు. పొమ్మనీ అనలేదు.
చాలాసేపు తక్కెడ పళ్లెం తుడిచాడు.
తర్వాత జొన్నల సంచీ ఒకటి
కాలితో నా వైపు జరిపాడు.
"మూతి కట్టు.
ఇన్నేండ్లసంది పళ్లతోటి కడుతున్న,
ఇప్పుడు పళ్లు గూడ పోతున్నయ్."

కట్టాను.
పురికొస వేళ్లను కోసింది, ముడి జారింది.
విప్పి మళ్లీ కట్టాను.
ఇంకోటి జరిపాడు.

మూడింటికి చర్చి గంట
వంతెన దాటి ఇక్కడిదాకా వచ్చింది.
అంతా అయిపోయిందని చెప్పే ఆరో మాట
ఈ ఏడు నేను వినలేదు.
గోడవారగా ఇంకా పదకొండు సంచులున్నాయి.